చెవి కింది నురగ

పోయిన నెలలో మా మనవడు బజారులో ఒక షేవింగ్ బ్రష్షు కొనుక్కొని వచ్చాడు. కాలేజీ పిల్లవాడు, గడ్డం ఇంకా అక్కడొకటి ఇక్కడొకటిగా మొలుస్తోంది గాని, సరంజామా మాత్రం పెండ్లికొడుకుకు ఉన్నంత ఉంది. అసలైన పంది వెంట్రుకలని డబ్బా మీద అచ్చువేసి ఉంది. రెండు రోజులు అద్దం ముందు దానితో కుస్తీపట్టి, మూడోరోజు నా మంచం దగ్గరికి వచ్చి, "తాతా, దీంట్లో నురగే రాలేదు. అంగడోడు మోసం చేసినాడు" అన్నాడు. పత్రిక పక్కన పెట్టి బ్రష్షు చేతిలోకి తీసుకున్నాను. కొత్త చీపురు కొనలా గరగరలాడుతోంది. "అంగడాయన ఏం చెయ్యలేదప్పా. దీన్ని నానబెట్టినావా?" అని అడిగాను. బియ్యం నానబెడతారని తెలుసు గాని బ్రష్షును కూడానా అన్నట్టు చూశాడు. గిన్నెలో వేడినీళ్లు తెమ్మని లోపలికి పంపాను. వాడు వచ్చేలోగా ఆ వెంట్రుకలను ఊరికే అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాను. అవి గుచ్చుకోవడం బాగానే తెలుస్తోంది. తెలుస్తున్నందుకు కొంచెం ఆశ్చర్యం కూడా వేసింది.

పంది వెంట్రుకల బ్రష్షు గురించి నాకు తెలిసినంత ఈ తాలూకాలో మరెవరికీ తెలియదని నేను నమ్మిన కాలం ఒకటి ఉండేది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మదనపల్లెలో వేరుశనగ మండీలో గుమాస్తాను. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అయితే సాయంత్రం మండీ తలుపు వేసింది మొదలు గ్రంథాలయం తలుపు వేసేదాకా అక్కడే ఉండేవాణ్ని. తెలుగు బీరువాలు అయిపోయాక, పక్కన నిఘంటువు పెట్టుకొని ఇంగ్లీషు బీరువాకు వచ్చాను. ఏది ముందు, ఏది వెనక అని చెప్పేవాళ్లు ఎవరూ లేరు కనుక పై అరనుంచి వరసగా చదువుకుంటూ దిగాను. అందువల్ల నా జ్ఞానం ఆ బీరువా సర్దినట్టే ఉండేది. తేనెటీగల పెంపకం, దాని పక్కన రోమను చక్రవర్తులు, వాళ్ల పక్కన సబ్బుల తయారీ, దాన్ని ఆనుకొని చర్మవ్యాధులు. ఎవరు ఏ మాట ఎత్తినా నా దగ్గర ఒక పుట సిద్ధంగా ఉండేది. మండీలో హమాలీలు నన్ను చూస్తే బస్తా దించి మరీ పక్కకు తప్పుకునేవాళ్లు. అది గౌరవమనే అప్పట్లో అనుకున్నాను.

శనివారం సాయంత్రం బొగ్గు బస్సెక్కి పుంగనూరులో మా అక్క ఇంటికి వెళ్లేవాణ్ని. యుద్ధం ముగుస్తున్న రోజులు. పెట్రోలు దొరక్క బస్సు వెనక ఒక పెద్ద ఇనుప పీపా బిగించి, అందులో బొగ్గు రాజేసి, ఆ పొగతో నడిపేవాళ్లు. ఎత్తు వచ్చిన చోటల్లా మగవాళ్లం దిగి నడిచేవాళ్లం. బస్సు మా వెనకే మెల్లగా వచ్చేది. మసి కొట్టుకున్న మొహంతో నేను దిగేసరికి బావ అంగడి మూస్తూ ఉండేవాడు. ముందు గది జవుళి అంగడి, వెనక సంసారం, దాని వెనక గొడ్ల కొట్టం. బావకు ఆ వీధిలో ఒక పేరుండేది. కుడిచేత్తో గజం కర్ర పట్టుకొని, ఎడమచేతి వేళ్ల మధ్య గుడ్డ అంచు నలిపి, కళ్లు మూసుకొనే అది ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో చెప్పేవాడు. పెద్దపంజాణి, చౌడేపల్లె నుంచి పెండ్లి బట్టలకు వచ్చేవాళ్లు ఆ వేళ్లను నమ్మే వచ్చేవాళ్లు. ఆ ఏడు మాత్రం ఆయన గుడ్డను వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు పట్టి చూడడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, "కంట్రోలు రేషను వచ్చినాక గుడ్డంతా కల్తీ అబ్బీ. చెయ్యి చెప్తే సాలదు, కన్ను కూడా చెప్పల్ల" అన్నాడు. అది వ్యాపార సూక్ష్మమనుకొని మెచ్చుకున్నాను.

ఆ ఇంటికి గడ్డాలు చేయడానికి ఒక ముసలాయన వచ్చేవాడు. ఆది, బుధవారాల్లో తెల్లారేసరికి తోలుసంచితో అరుగు మీద కూర్చునేవాడు. ఆయనకు అక్క ఏడాదికింతని రాగులు కొలిచేది. ఆయన పని అంతా నీళ్లూ చెయ్యే. చెంబులో వేళ్లు ముంచి, బుగ్గను రుద్ది రుద్ది వెంట్రుకను మెత్తబరిచి, తరువాత కత్తి ఆనించేవాడు. నేను వెళ్లినప్పుడల్లా బావకు ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. వీధికంతా ఒకటే కత్తి, ఒకటే నీళ్లు, ఇది ఆరోగ్యశాస్త్రానికి విరుద్ధం, నాగరికులు ఎవరి గడ్డం వారే గీసుకుంటారు అని. ఆరు నెలలు చెప్పాను. చివరికి ఒక ఆదివారం బావ నన్ను పక్కకు పిలిచి, "అబ్బీ, ఆ దొరలు వాడే బ్రష్షు మదనపల్లెలో దొరుకుతాదేమో సూడు. ఇంక నా గడ్డం నేనే గీసుకుంటా" అన్నాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. చదివినది ఒక మనిషిని మార్చడం కళ్లారా చూశానని గ్రంథాలయంలో ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాను.

బ్రష్షు ఒక సాయిబు ఫ్యాన్సీ అంగట్లో దొరికింది. ఆయన అలమర దగ్గరికి కూడా రాకుండా, "ఆ మూల పెట్టెలో ఉండాది తీస్కో సామీ. పంది బాలు, అదే బొచ్చు, నేను ముట్టను. మిలిట్రీ సామాన్లు వేలంలో ఎత్తుకుంటే దాంతోపాటు వచ్చి పడింది. నువ్వే తియ్యి, నువ్వే కాగితం సుట్టుకో. దుడ్లు మాత్రం నేను ముడతా" అన్నాడు. ఇంటికి తీసుకుపోతే అక్కడ బావ అమ్మగారు గడపకు అడ్డం కూర్చుంది. "పంది బొచ్చు మూతికి పూసుకొని ఆ మూతితోనే దేవునికి దణ్ణం పెడ్తాడా? అది ఇంట్లోకి వస్తే నేను బయటికి పోతా" అంది. తల్లీ కొడుకుల మధ్య ఒప్పందం కుదిరి బ్రష్షుకు గొడ్ల కొట్టంలో గూడు దొరికింది. గడ్డం గీసుకోవడమూ అక్కడే. మా పుంగనూరు ఆవులు పొట్టివి, నడుము ఎత్తు దాటవు. బావ పీట మీద కూర్చుంటే ఆవు ముఖమూ ఆయన ముఖమూ ఒకే ఎత్తులో ఉండేవి. ఆవు అద్దంలో తన వంతు చూసుకునేది. చీకటి కొట్టంలో ఎలా గీసుకుంటాడో పాపం అని అక్క బాధపడింది. బావ మాత్రం ఒక్కమాట ఎదురు చెప్పలేదు.

నురగ రాలేదు. సబ్బు మీద ఎంత తిప్పినా చేపపొలుసుల్లాంటి తెల్లటి తుక్కు తేలేది తప్ప నురగ నిలిచేది కాదు. నేను మదనపల్లె వెళ్లి సబ్బుల పుస్తకం మళ్లీ తీశాను. ఇంటి బావి నీళ్లు ఉప్పనివి కనుక సబ్బు విరిగిపోతోందని తేలింది. మిద్దె తూము కింద కుండ పెట్టి వాననీళ్లు పట్టించాను. పంది వెంట్రుక మొండిది, నీళ్లు తాగడానికి వేళ పడుతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కొంచెం పిండి, తడి సబ్బు మీద మెల్లగా చుట్టూ తిప్పాలి, ఒత్తితే వెంట్రుకలు విరుగుతాయి. వాడేకొద్దీ కొనలు చీలి మెత్తబడి నీళ్లు పట్టుకుంటాయి. ఇవన్నీ ఆదివారానికి ఒకటి చొప్పున నేర్పాను. నెల తిరిగేసరికి మంచి నురగే వచ్చింది. నాకైతే చాలనిపించింది. బావకు చాలలేదు. "ఇంకా రావల్ల అబ్బీ. దట్టంగా రావల్ల" అనేవాడు. గడ్డం ఉన్నంత మేరే కాకుండా ఎడమ బుగ్గ మీదుగా, వెంట్రుకే మొలవని చోట, చెవి కిందిదాకా దిబ్బలా పూసేవాడు. గీసుకోవడం ముగిశాక కూడా అక్కడి నురగ అలాగే ఉంచుకొని, అక్క కొట్టం దాటి పోయాక తుడుచుకునేవాడు. కొత్త విద్య మీద మోజు అనుకున్నాను.

ముసలాయన బస్సు ఆగే చోట ఒకసారి కనపడ్డాడు. గెలిచినవాడి చొరవతో, "ఏం తాతా, మా బావ చెయ్యిజారిపోయినాడే" అన్నాను.

"పోనీలే సామీ. పంది వెంట్రుక కంటే నా చెయ్యి మెత్తనే. అయినా ఎవరి ఇష్టం వాళ్లది." రోడ్డు వైపు చూస్తూ, "నురగ బాగా వస్తాండాదా?" అని అడిగాడు.

"వస్తాండాది గాని ఇంకా సాల్లేదంటాడు."

"ఆయనకి సాలదులే" అని సంచి సర్దుకొని వెళ్లిపోయాడు. ఓడినవాడి ఉక్రోషమని సరిపెట్టుకున్నాను.

తరువాతి ఆదివారం ఉదయం చలిగా ఉంది. నానబెట్టడానికి గోరువెచ్చని నీళ్లయితే ఆలస్యమవుతుందని, పొయ్యి మీద మరుగుతున్న వాననీళ్లనే చెంబుకు గుడ్డ చుట్టి పట్టుకొచ్చి గిన్నెలో పోశాను. జాగ్రత్త అని చెప్పబోయేలోగా బావ బ్రష్షు ముంచి, ఎడమచేతి వేళ్లు నీళ్లలోకి దించి, వెంట్రుకలను విడదీస్తూ కూర్చున్నాడు. ఆవిరి ఆయన మోచేతి దాకా లేస్తోంది. ఏదో గుడ్డల మిల్లు సంగతి చెబుతున్నాడు. చెబుతూనే ఉన్నాడు. నేను నా వేలు ముంచి చటుక్కున లాక్కున్నాను.

"బావా, కాలడం లేదా?"

ఆయన నా ముఖం చూసి, తరువాత గిన్నెలోకి చూసి, తొందరేమీ లేకుండా చెయ్యి బయటికి తీశాడు. చివరి రెండు వేళ్లు మిరపపండ్లలా ఎర్రబడి ఉన్నాయి. "సల్లారిపోయినాయిలే" అన్నాడు. మధ్యాహ్నానికి బొబ్బలు లేచాయి. ఇస్త్రీపెట్టె తగిలిందని అక్కకు చెప్పాడు. ఆమె వెన్న రాసింది. నేను చూస్తూ కూర్చొని రెండుసార్లు అన్నం వడ్డించుకొని తిన్నాను.

మదనపల్లెకు వెళ్లి ఆ బీరువా తెరవవలసిన పని కూడా లేదు. సబ్బుల పుస్తకం పక్కది నేను చదివే ఉన్నాను. చర్మం మీద పాలిపోయిన మచ్చ, అక్కడ స్పర్శ ఉండదు, వేళ్లకు వేడీ చల్లనా తెలియదు. దాన్ని మా వైపు పెద్దరోగమంటారు. పుస్తకంలో కుష్ఠు అని ఉంది. ముందుగా పట్టుకొని మందు పడితే వేళ్లు పోకుండా ఆపవచ్చునని కూడా ఉంది. ఈ వాక్యం దగ్గర ఎప్పుడో నా చేత్తోనే పెన్సిలు గీత గీసుకున్నాను. అది చదివి గీత గీసినవాడు, బావ అంగట్లో ఏడాదిగా ఆయన ఎదురుగా కూర్చున్నవాడు ఒకడే అని తలకెక్కింది గాని, దాని వల్ల ఏడుపుగాని భయంగాని ఏమీ రాలేదు. మండీకి వెళ్లాను, బస్తాలు రాశాను. రెండు శనివారాలు ఏదో సాకు చెప్పి పుంగనూరు వెళ్లలేదు. మూడో శనివారం బస్సు దిగేసరికి ముసలాయన నాకోసమే నిలబడి ఉన్నాడు.

"రెండు వారాలు రాకపోతే నీకూ తెలిసిపోయిందనుకున్యా" అన్నాడు. ఆయన నన్ను పక్క సందులోకి నడిపించాడు. "పోయిన వానకాలం చెవి కింద నా కత్తికి తెగింది సామీ. నలభై ఏండ్లలో చెయ్యి తప్పడం నాకే సిగ్గయింది. నెత్తురు కారతాండాది, మనిషి కదల్లేదు. కత్తికి తెగినట్టే తెలీలేదు ఆయనకు. మా చేతికి ఇట్లాంటివి కొత్త గాదు, డాక్టరు కంటే ముందు మాకే దొరుకుతాయి. మెల్లగా చెవిలో చెప్పినా, యాడన్నా సూపించుకో నాయనా అని. మరుసటి వారం నన్ను రావద్దన్యాడు. ఆపైన నువ్వు బ్రష్షు తెచ్చినావు."

నా ఉపన్యాసాలు ఆరు నెలలూ ఒకవైపు, ఆ చెవిలో చెప్పిన మాట ఒకవైపు. బావ ఏది విన్నాడో నాకు అప్పుడు తెలిసింది.

"నేను నోరిప్పితే ఆ అంగడికి తాళమే. ఆ చెయ్యి నలిపిన గుడ్డ ఎవరు కడతారు? మీ అక్కను నీళ్ల దగ్గరికి రానిస్తారా? అందుకే నేను చెప్పలేను. నువ్వు చదివినోడివి, పుస్తకంలో ఉండాదని చెప్పు. ఆ వేళ్లు పోకముందే చెప్పు."

మరునాడు కొట్టంలో బావ అద్దం తగిలిస్తుండగా, "కండ్లు మూసుకో బావా, ఒకటి సూస్తా" అన్నాను. ఎందుకని అడగలేదు, మూసుకున్నాడు. పొడి బ్రష్షు తీసుకొని కుడి బుగ్గ మీద ఆనించాను. "ఈడ" అని వేలుపెట్టి చూపాడు. గడ్డం కింద ఆనించాను. "ఈడ" అన్నాడు. తరువాత ఎడమ చెవి కింద, అణా బిళ్లంత పాలిపోయిన చోట ఆ మొండి వెంట్రుకలను నిలువుగా పెట్టి ఒత్తాను. నానని పంది వెంట్రుక ముల్లులా గుచ్చుకుంటుంది. ఆయన కండ్లు మూసుకొని ఎదురుచూస్తున్నాడు. కొంతసేపటికి, "ఊ, పెట్టు అబ్బీ. యాల ఆలస్యం?" అన్నాడు.

నేను ఒత్తిన చెయ్యి తీయలేదు. ఆయన కళ్లు తెరిచి అద్దంలో చూసుకున్నాడు. ఆవు చెవి విదిలించింది. అద్దం తీసి పక్కన పెట్టి, "మీ అక్క కలిపి పెట్టిన ముద్ద తింటాండాను. అదొక్కటీ పోతాదేమోనని" అన్నాడు. పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను, గీత గీసిన వాక్యంతో సహా. వేలూరు పక్కన దీనికి ఆసుపత్రి ఉందని, కుప్పంలో రైలెక్కితే కాట్పాడిలో దిగవచ్చునని చెప్పాను. ఆయన విని, "ఎన్నాళ్లు?" అని అడిగాడు. అది పుస్తకంలో లేదు. అక్కకు నేనే చెప్పాను. ఆమె రాగులు విసురుతోంది. తిరగలి ఆపకుండా వింది. "ఎప్పుడు పోతాండారు?" అంది. పిండి ఎత్తి డబ్బాలో పోసి, మూత పెట్టి, బావ పంచెలు ఉతకడానికి తీసుకుపోయింది. ఇల్లంతా అలాగే ఉండేది ఆ నాలుగు రోజులూ. ఎవరూ గొంతు ఎత్తలేదు, ఎవరూ అన్నం మానలేదు.

అయితే వీధి ఒకటి ఉంది. నెలలకొద్దీ మనిషి కనపడకపోతే ఎక్కడికని అడుగుతారు. మొహం చేత్తో ముట్టి గడ్డం చేసే ముసలాయనను బావ ఎందుకు మాన్పించాడని అంతకుముందే ఎదురింటాయన ఒకసారి అన్నాడట. ప్రయాణం గురువారం. అందాకా మండీకి సెలవు పెట్టాను. బుధవారం ఎండ వీధిలోకి బాగా వచ్చాక ముసలాయన సంచితో వచ్చి, కొట్టంలోకి కాక అరుగు మీద కూర్చొని, అందరికీ వినపడేటట్టు, "ఏం అయ్యా, ఆ పంది వెంట్రుక యాడుండాది, తే. దాని సంగతి సూస్తా" అన్నాడు. బావ వెళ్లి ఆయన ఎదుట కూర్చున్నాడు. నేను గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెచ్చాను. "ఎంతసేపప్పా నానేది? పెండ్లికూతురు కూడా ఇంత ఆలస్యం చెయ్యదు" అంటూ ఆయన ముందెన్నడూ పట్టని బ్రష్షును పట్టి నురగ తీశాడు. నేను నెలల తరబడి తీయించలేనంత దట్టమైన నురగ ఆ చేతిలో మొదటిసారే వచ్చింది. ఎదురింటాయన అరుగు దిగి వచ్చి, "ఏం, మళ్లీ పాత కాపే దిక్కయినాడా?" అన్నాడు.

"పంది ఓడిపోయింది సామీ. నా చెయ్యే గెలిచింది" అన్నాడు ముసలాయన. నలుగురు నవ్వారు. బావ కూడా నవ్వాడు. కత్తి పని ముగిశాక, మిగిలిన నురగను గుడ్డతో కాకుండా వట్టి అరచేత్తో తుడిచాడు. ఎడమ చెవి కింద ఆ చెయ్యి మిగతా చోట్లకంటే కొంచెం ఎక్కువసేపు ఆగింది. వీధి చూసింది. ఎదురింటాయన పంచె ఎగదోసుకొని, "నాకూ ఆ నురగ పెట్టి గియ్యి" అని కూర్చోబోయాడు. ఒకటే కత్తి, ఒకటే నీళ్లు అని ఆరు నెలలు అరిచిన నేను నోరు మూసుకొని నిలబడ్డాను. ముసలాయన సంచిలోంచి ఇంకో కత్తి తీస్తూ, "నీది రాయి మొగం, నీకు నురగ దండగ. కొత్త నీళ్లు తెప్పించు, అది సాలు" అన్నాడు. ఎవరికీ అనుమానం రాలేదు. ఎదురింటాయన బుగ్గ తడిపింది మాత్రం ఆ చెయ్యే. బావ గుడ్డల కోటా కోసం మద్రాసు వెళ్తున్నాడని ఆ సాయంత్రానికి వీధి తనంతట తానే ఒక కారణం చెప్పుకుంది.

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి రైలుకు ఇంకా గంట ఉంది. ప్లాట్‌ఫారం మీద బావ పెట్టె మీద కూర్చొని, అక్క కట్టిచ్చిన రాగిముద్ద తిని, చెయ్యి కడుక్కున్నాడు. "గుడ్డను వెలుతురుకు పట్టి సూడమని మీ అక్కకు చెప్పు" అన్నాడు. ఇంకేదో చెబుతాడనుకున్నాను. రైలు వచ్చింది. ఆయన ఎక్కాడు, పెట్టె అందించాను, రైలు కదిలింది. ఇలాంటి చోట మనిషి ఎలా ఉండాలో చాలా పుస్తకాల్లో చదివి ఉన్నాను. నాకు అవేవీ రాలేదు. గుండె ఉన్న చోట ఎవరో చెయ్యి పెట్టి ఒత్తుతున్నా, ఎప్పుడు పెడతారా అని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాను. తిరుగు బస్సులో ఎత్తు వచ్చిన చోట అందరితోపాటు దిగి నడిచాను.

రెండు నెలలకు కార్డు వచ్చింది. తనది ఇతరులకు అంటే రకం కాదని డాక్టరు చెప్పాడని, సూదులు వేస్తున్నారని రాసి, చివర, "ఇక్కడి నీళ్లు మెత్తన. నురగ ధారాళంగా వస్తోంది. ఇప్పుడు అంత అక్కరలేదు" అని రాశాడు. అక్క అంగడి నడిపింది. బావ మూడో ఏడు తిరిగి వచ్చాడు. ఎడమచేతి చిటికెన వేలు కొంచెం వంగింది. మిగతావి దక్కాయి గాని, వాటికి స్పర్శ రాలేదు. ఆ తరువాత గుడ్డ అంచు అక్క నలిపేది, బావ ధర చెప్పేవాడు. ముసలాయన బతికున్నన్నాళ్లూ ఆది, బుధవారాలు తప్పలేదు. ఆయనకు నేను ఒక్కసారి కూడా కృతజ్ఞత చెప్పలేదు. బ్రష్షు మళ్లీ కొట్టంలో గూటికే చేరి, ఒకరోజు పెయ్యదూడ నోటబడింది. బావ అమ్మగారు దూడకు పసుపునీళ్లు చల్లి, ఇంటికి పట్టిన పీడ వదిలిందని సంతోషించింది. ఆమెకు చివరిదాకా మిగతా ఏ సంగతీ తెలియదు.

"తాతా, నీళ్లు" అంటూ మనవడు గిన్నె తెచ్చి పెట్టాడు. బ్రష్షు అందులో దించబోయాను. వేళ్ల కొసలు తగిలి చురుక్కుమన్నాయి. లాక్కున్నాను. "సూసుకో తాతా, మరిగినవే తెచ్చినా" అన్నాడు వాడు. పరవాలేదన్నాను గాని, వేళ్లు చాలాసేపు మండుతూనే ఉన్నాయి, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. పొగ లేదు, పొయ్యి దూరంగా ఉంది, వాడికి ఏమని చెప్పను. కొట్టంలో ఆ చలి ఉదయం నేను పోసిన నీళ్ల వేడి, యాభై ఏళ్లు దారిలోనే ఉండి, ఇప్పటికి నా దాకా వచ్చింది.